ముందుగా పండిన మడి

“హో... హోయ్!”

దాలమ్మ రేకుడబ్బా మీద పుల్లతో కొట్టింది. చిలకలు లేచి ఓ చుట్టు తిరిగి మళ్లీ వాలాయి. చుట్టూ వరి ఇంకా పచ్చగానే ఉంది. రైతు కొండబాబు మడి ఒక్కటే పసుపు తిరిగింది. త్వరగా కోతకొచ్చే రకమని ఏరి వేశాడు. ఊళ్లో పిట్టలన్నీ అక్కడే చేరాయి.

మనుషుల కళ్లూ దాని మీదే. ఉడుపులయ్యాక కూలి లేదు. కోటా బియ్యం నెల సగానికే అడుగంటాయి. దాలమ్మకు ఈ ఆశ్వయుజపు ఆకలి కొత్త కాదు. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఈ మడుల్లోనే నారు ఊడ్చింది, పంట కోసింది. నడుం వంగిపోయింది, కాలివేళ్ల సందులు ఒరిసిపోయాయి. పాత రకాలు మార్గశిరం దాకా కోతకొచ్చేవి కావు. అలాంటి ఓ ఏడు, పాలు ఇంకిపోయి చంటిపిల్లను పోగొట్టుకుంది. ఆ ఊసు ఎవరి దగ్గరా ఎత్తదు.

కొడుకు ముందే చెన్నైకి ఇటుకల పనికి పోయాడు. కోడలు చిన్నతల్లి ఈ సాయంత్రం రైలుకు మూట కట్టుకుంది.

“కడుపుతో ఉన్నదానివి, ఇటుకలు మొయ్యగలవేటే?” అంటే, “ఇక్కడుంటే ఏటి తింటానత్తా?” అంది.

పొద్దు వాలుతుండగా, దాలమ్మను ఊరి వరసన అత్తా అనే కొండబాబు వచ్చి ఓ గింజ కొరికి చూశాడు. టక్కుమంది.

“రేపు కోసేద్దామత్తా. సుట్టూ పచ్చి సేలు, మెషీను దిగడానికి దారి లేదు. మనుసుల్ని పిలు.”

“మా సిన్నతల్లి వస్తాది బాబూ!”

దాలమ్మ గట్ల మీద ఆగి ఆగి, ఆయాసపడుతూ ఇల్లు చేరింది. చిన్నతల్లి మూట నెత్తిన పెట్టుకుని బయల్దేరుతోంది.

“ఎల్లకే. రేపు కోత. కూలికి గింజలే అడుగుదాం.”

చిన్నతల్లి మూట దించింది. కుండలో మిగిలిన చోడి అంబలి రెండు గిన్నెల్లో పొయ్యబోయింది.

“నువ్వు తాగే. నాకు కొండబాబు ఇంట్లో పెట్టారు,” అంది దాలమ్మ. ఎవరూ పెట్టలేదు.

తర్వాత చూరులోంచి కొడవలి తీసి రాతి మీద నూరింది. పిడి వదులైతే పాత నీలం చీర చింపి చుట్టి, గుమ్మం పక్కన గోడకు ఆనించింది.

“నువ్వెందుకత్తా?”

“నాలుగు పనలు కోసినా కోసినట్టేగదే.”

తెల్లారి చిన్నతల్లి లేపబోతే అత్త చెయ్యి చల్లగా తగిలింది.

కొండబాబు ఆ రోజుకు కోత ఆపాడు. మర్నాడు చిన్నతల్లి కళ్లు తుడుచుకుని అందరితోబాటు మడిలో దిగింది, తన కొడవలితోనే. అత్త కొడవలిని ఎవరూ కదపలేదు. గుమ్మం పక్కన గోడకు ఆనుకుని ఉంది. పిడికి చుట్టిన నీలం పీలిక ముడి ఇంకా బిగువు సడలలేదు.