పిల్లి ముఖం

గిన్నెలు సగమే తోమి వచ్చేశానని, తన పశువుల క్లినిక్ షట్టర్ ఎత్తుతుంటే గుర్తొచ్చింది ఆమెకి. చేతులకింకా సబ్బు వాసన. వెనక భర్త, తువ్వాలులో చుట్టిన పిల్లితో నిలబడ్డాడు. సెలవు రోజు కాబట్టి నర్సు రాదు.

పొద్దున పిల్లి ముందుకాళ్ళ మీద దేకుతూ వంటింట్లోకి వచ్చింది. వెనక కాళ్ళు రెండిటినీ గుడ్డపేలికల్లా ఈడ్చుకొచ్చింది. "రాత్రిదాకా బానే ఉందిగా" అన్నాడతను. బాగా లేదు. అది కిటికీ మీదికి దూకడం మానేసి చాలా రోజులైంది. ఆ మాట ఒకసారి అంటే, "నీకన్నీ రోగాల్లానే కనిపిస్తాయమ్మా" అని అత్తగారు నవ్వారు. క్లినిక్‌లో ఎవరైనా అదే చెప్పుంటే వెంటనే వెన్ను తడిమి చూసేది. ఇంట్లో తన చదువుని తానే నమ్మదు. చెప్పులతో పాటు దాన్నీ గుమ్మం బయటే విడవడం ఎప్పుడు అలవాటైందో తెలియదు.

పిల్లిని బల్ల మీద పడుకోబెట్టి దాని వెనక పాదాలు తాకింది. వెచ్చగా ఉన్నాయి. తొడ లోపల నాడి కొట్టుకుంటోంది. అంటే రక్తం గడ్డకట్టి అడ్డుపడలేదు. ఎక్స్‌రేలో ఎముకలేవీ విరిగినట్టు లేదు. నడుం మీద వేలు ఆనించగానే పిల్లి ఒళ్ళంతా బిగుసుకుంది. వెన్నుపాముని ఏదో నొక్కుతోంది. కణితే అయ్యుండాలి. కాళ్ళలో లోతున నొప్పి ఇంకా తెలుస్తోందా? తెలియకపోతే ఆశ దాదాపు లేనట్టే.

"పట్టకారుతో దాని కాలివేలు నొక్కుతాను. మీరు దాని ముఖం చూస్తూ ఉండండి, చాలు."

నొక్కింది. కాలు ముడుచుకుంది.

"లాక్కుందిగా. బానే ఉంది."

"కాలు దానంతటదే లాక్కుంటుంది. మెదడుకి తెలియక్కర్లేదు. ముఖం ఎలా పెట్టింది?"

"ముఖమా?" కాలు చూసి మళ్ళీ ఫోన్‌లోకి దిగిన అతని కళ్ళు పైకి లేచాయి. "పిల్లి ముఖంలో ఏం తెలుస్తుందే?"

ఆమెకి కోపం రాలేదు. రానందుకే భయమేసింది. ఇన్నేళ్ళూ "సర్లెండి" అన్న ప్రతిసారీ తను చేసిందీ ఇదే, ముడుచుకోవడం. అది చూసి అందరూ బానే ఉందనుకున్నారు. తనూ అనుకుంది.

పిల్లిని తనవైపు తిప్పుకుని మళ్ళీ నొక్కింది. అది అరిచింది. మెడ తిప్పి, నువ్వేనా అన్నట్టు ఆమెకేసి చూసింది. ఇంట్లో ఎవరైనా తనకేసి అంత సూటిగా చూసి ఎన్నాళ్ళయిందో.

"నొప్పి తెలుస్తోంది" అంది. "స్కాన్‌కి పెద్దాసుపత్రికి తీసుకెళ్తున్నా. కణితని తేలితే ఆపరేషనో మందులో, అయ్యేదాకా అక్కడే ఉంటాను."

"అన్ని రోజులా? మరి ఇంట్లో?"

వెటకారం కాదు. నిజంగానే అర్థంకాక అడిగాడు. ఆమె పిల్లిని ఎత్తుకుంది.

"ఇంట్లో మీరున్నారుగా."