చెయ్యి దురద

ఇంట్లో అందరూ ఆమెను తొందరమ్మ అనేవారు. గిన్నె వేడెక్కకముందే మూత తీసి చూసే రకం. అలాంటి మనిషి ఉద్యోగం మానేసి, పొద్దున కొన్న షేర్లను సాయంత్రంలోగా అమ్మే వ్యాపారంలోకి దిగింది.

లెక్కల్లో మాత్రం దిట్ట. ధర కదిలే తీరును, చేతులు మారే షేర్ల జోరును గమనించి ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో చెప్పే ప్రోగ్రాం తనే రాసుకుంది. పాత ధరల మీద పరీక్షిస్తే అది బాగానే నెగ్గుకొచ్చింది. తీరా తను కూర్చుని ఆడితే నష్టాలే. లోపం ఎక్కడుందో అంతుపట్టక సూత్రాలు మారుస్తూ పోయింది.

ఆమె వదిన ఒక చెవి పరీక్షల క్లినిక్‌లో పనిచేసేది. ఒకరోజు ఆమెను కలవడానికి వెళ్లిన తొందరమ్మ, ఊరికే కూర్చోలేక తనకూ పరీక్ష చేయమంది. వదిన ఆమెను తలుపులు బిగించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడగానే బటన్ నొక్కమంది. సన్నటి కూతలు వచ్చాయి. నొక్కింది. ఒకటి తప్పిపోయిందేమోనన్న అనుమానం రాగానే గబగబా నొక్కేసింది.

"నీ చెవులకేం, దివ్యంగా ఉన్నాయి. కానీ చివర్లో నేనేమీ వినిపించలేదు" అంది వదిన.

"నిజంగా వినబడింది వదినా."

"ఒకటి తప్పిపోయిందనుకున్నవాళ్లకి అలాగే వినబడుతుందమ్మా."

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. ఇంటికొచ్చి కీబోర్డులో ఒక మీటను కేటాయించుకుంది. ప్రోగ్రాం చెప్పకపోయినా కొనాలనిపిస్తే అది నొక్కాలి. దాంతో కొనుగోలు జరగదు. చెయ్యి ఎప్పుడు దురద పెట్టిందో కంప్యూటరు గుర్తుంచుకుంటుంది, అంతే.

కొన్ని వారాలయ్యాక చూసుకుని ఆశ్చర్యపోయింది. నష్టం వచ్చినప్పుడు దురద పుట్టడం ఆమె ఊహించిందే. కానీ అంతకంటే ఎక్కువగా నొక్కింది, ప్రోగ్రాం కొనమన్నా భయపడి వదిలేసిన షేరు తన కళ్లముందే పెరుగుతున్నప్పుడు. చేజారిన డబ్బుకన్నా చేతికందని లాభమే ఆమెను ఎక్కువగా కుదిపింది. అంటే మొదటి తప్పు ఆశ కాదు, భయం.

భయపడనంత చిన్న మొత్తాలతో ఆడడం మొదలుపెట్టింది. సూచన వస్తే కొంది, లేకపోతే ఊరుకుంది. ఒక మధ్యాహ్నం వదిన పక్కనుండగానే కొన్న షేరు పడిపోయింది. ప్రోగ్రాం చెప్పిన చోట అమ్మేసింది.

"బాధగా లేదా?" అడిగింది వదిన.

"ఉంది. కానీ చెయ్యి మాట వింటోంది."

ఆ తర్వాత అన్నయ్య ఆమె సంపాదన సంగతి ఆరా తీస్తే, మేడలేమీ కట్టలేదని, అప్పులు మాత్రం లేవని చెప్పింది. ఆ మాట చెబుతూనే ఇంకో మీట కోసం కీబోర్డు మీద వెతుకుతోంది. ప్రోగ్రాం అమ్మమన్నా తనకు అమ్మబుద్ధి కానప్పుడు ఏమవుతుందో ఇంకా చూడలేదు మరి.