పగ్గం వేసిన కాగితం గుర్రం

ఆసో కొండ అంచున నిలబడి, తొమోయె తను కత్తిరించిన నల్లకాగితాన్ని దిగిపోతున్న సూర్యుడికి అడ్డంగా పట్టుకుంది. చుట్టూ చట్రం, మధ్యలో ఎగిరి దూకుతున్న గుర్రం. ఆ రెంటినీ కలిపి ఉంచింది వెంట్రుకంత పగ్గం ఒక్కటే.

"చెయ్యి కదపకే!" కెమెరా వెనకనుంచి ఆమె అన్నయ్య కిహాచి కసిరాడు. "పగ్గం లావుగా కత్తిరించమని మొత్తుకున్నాను, విన్నావా?"

"నీ అరుపులకే తెగేట్టుంది. ముందు ఫొటో తియ్యన్నయ్యా!"

గాలి ఒక్కసారిగా విసిరింది. కెమెరా క్లిక్కుమంది, పగ్గం పుటుక్కుమంది. గుర్రం లోయలోకి ఎగిరిపోయింది.

కిహాచి తల పట్టుకున్నాడు. తొమోయె కెమెరా లాక్కుని చూసింది. ఖాళీ చట్రం, తెగిన పగ్గం, ఎర్రటి ఆకాశంలో పరుగెత్తుతున్న గుర్రం.

"మళ్లీ కత్తిరిస్తావా?" అన్నాడతను మెల్లగా.

"కత్తిరిస్తా. ఈసారి పగ్గం ఇంకా సన్నగా."