అరవై ఎనిమిది గ్లాసుల బొరుగులు

మా అమ్మాయి పావని పదో తరగతి. విశ్వాన్ని మూడు డబ్బాల్లో నింపింది. డార్క్ ఎనర్జీకి అరవై ఎనిమిది గ్లాసుల బొరుగులు, డార్క్ మ్యాటర్‌కు ఇరవై ఏడు గ్లాసుల పప్పుల పొడి, చుక్కలూ మనుషులూ అన్నీ కలిపి ఐదు గ్లాసుల వేరుశనగ గింజలు. ప్రతి గ్లాసునూ చాకు వెన్నుతో సమం చేసి కొలిచింది నేనే. ఆ రోజు పది గంటలకు ప్రొద్దుటూరులో సైన్సు ప్రదర్శన. అందులో నెగ్గితేనే ఇడుపులపాయ పోటీకి పంపుతారు. నెల రోజులుగా దానికి అదే కలవరింత.

ఎనిమిదింటికి స్నానం చేసి వచ్చేసరికి వంటింట్లో పోపు ఘుమఘుమ. మైదుకూరు నుంచి హనుమంతయ్య మామ నలుగురు చుట్టాలతో దిగాడట. మా అత్త, పావని వాళ్ళ జేజి జయలక్ష్మమ్మ, పెద్ద బాండ్లిలో బొరుగుల ఉగ్గానిని గరిటెతో తిప్పుతోంది. డబ్బాలు మూడూ ఖాళీ.

"అత్తా, అది పావని విశ్వం!"

"బొరుగులు, పప్పుల పొడి, శెనక్కాయ గింజలు ఒక వరసన పెట్టి ఉంటే ఉగ్గానికి కాకుంటే దేనికనుకోవాల మే? పొడి మాత్రం శానా ఎక్కువ పెట్టినావు. మామ ముద్ద ముద్దకూ నీళ్ళు తాగుతాండాడు."

ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, పసుపు మా లెక్కలోనే లేవు. మళ్ళీ కొలిచే వేళా లేదు. పావని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బాండ్లిలోంచి పిడికెడు తీసుకుని చూసింది, ఇంకో పక్క నుంచి ఇంకో పిడికెడు. రెండూ ఒకటే మాదిరి ఉన్నాయి. ఒక్కసారిగా పకపకా నవ్వింది.

"అమ్మా, క్యారియర్ తీయి! జేజి నాకన్నా బాగా చేసింది!"

ప్రదర్శనలో న్యాయనిర్ణేత అబ్దుల్ సలాం సారు మూత తీసి అదిరిపడ్డాడు. "ఇదేందమ్మా, ఉగ్గాని కదా?"

"విశ్వం సార్. యాడ గరిటె పెట్టినా ఒకటే మాదిరి ఉంటాది. బొరుగులు అంతటా పరుచుకోనుండాయి. పొడి కంటికి ఆనదు, కానీ అది పట్టుకోకుంటే గింజలన్నీ చెదిరిపోతాయి. ఆ గింజలే మనం."

"ఆకారం?"

పావని నేల మీద ముగ్గుపిండితో త్రిభుజం గీసింది. "మూడు కోణాలూ కలిపితే నూటెనభై సార్. ఎంత పెద్దది గీసినా అంతే. ఈ నేల మాదిరే చదును."

"వయసెంత?"

"విశ్వానిదా సార్, ఉగ్గానిదా? దానికి పదమూడు వందల ఎనభై కోట్ల ఏండ్లు, దీనికి రెండు గంటలు."

సారు నవ్వాపుకోలేక ఒక చెంచా తిన్నాడు. దగ్గాడు, నీళ్ళు తాగాడు, ఇంకో చెంచా తిన్నాడు. తర్వాత ఇడుపులపాయ జాబితాలో మొదటి పేరుగా పావనిదే రాశాడు.

ఇంటికొచ్చి చెబితే మా అత్త గంతేసినంత పని చేసింది. "ఆడికి పోయేటప్పుడు కూడా నేనే చేస్తా. ఈ తూరి ఆ పొడి తగ్గిస్తా మే."

"తగ్గించొద్దు!" అని పావనీ నేనూ ఒకేసారి అరిచాం.