తడి ఆరని కుండీ

ఆర్టీసీ కాంప్లెక్సులో, రాజమండ్రి బస్సులు ఆగే చోట, అత్తగారు భ్రమరాంబ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది, ఆవిడ వెనక బస్సుల బదులు గులాబీ కుండీలు వరసగా నిలబడి గురగురమంటున్నాయి, ఆవిడ ఈ ఎండాకాలంలోనే పోయిందన్న సంగతి వకుళకు గుర్తుంది గాని ఎదురుగా కూర్చున్న మనిషితో ఆ మాట ఎత్తడం మర్యాద కాదని ఊరుకుంటుంది.

వకుళ చేతిలో వాడిపోయిన కొమ్మ ఉంది. కాకినాడలో తమ ఫ్లాటు బాల్కనీలో అత్తగారు పెంచిన ఎర్రగులాబీది. ఆకులు పసుపుపచ్చబడి రాలిపోతున్నాయి, వచ్చిన ఒకటీ అరా మొగ్గ విచ్చుకోకుండానే తల వాల్చేస్తోంది, శుక్రవారంనాడు మామగారు ఆవిడ ఫోటోకి పెట్టడానికి ఒక్క పువ్వు లేదు. ఆవిడ చేత్తో నాటినవాటిలో ఇంట్లో ఇంకా ప్రాణంతో ఉన్నది అదొక్కటే. దాన్నెలా బతికించాలో అడుగుదామని వకుళ పడుతూ లేస్తూ ఇంతదూరం వస్తే, ఆవిడ కొమ్మ వంక కన్నెత్తయినా చూడదు.

"కాఫీ తాగావటే?" అంటుంది.

"కాఫీ సంగతి తరవాత అత్తయ్యగారూ, ముందు ఈ కొమ్మ చూడండి. గుడ్డుపెంకులు దంచి వేశాను. టీ పొడి కడిగి వేశాను. ఉల్లితొక్కలు నానేసిన నీళ్ళు పోశాను. ఎదురు ఫ్లాటావిడ చెప్పిందని పుల్లమజ్జిగ కూడా పోశాను. ఇంకేం పొయ్యమంటారు?"

"మజ్జిగలో అల్లం వేశావా?"

వకుళకు ఒళ్ళు మండుతుంది. బతికుండగానూ ఇదే వరస. చారులో చింతపండు ఎంత వెయ్యాలని అడిగితే, ఆ చింతపండు పంపిన పిన్నిగారి పెళ్ళి ముచ్చట్లు చెప్పేది, అడిగినదానికి తప్ప అన్నిటికీ ఆవిడ దగ్గర జవాబుండేది. చచ్చినా మనిషి మారలేదు అనుకుంటుంది, అనుకున్నాక నాలిక కరుచుకుంటుంది.

ఈలోగా బస్సులు కదిలినట్టు కుండీలు కదులుతాయి, అవి కదులుతూ కదులుతూ మంచాలవుతాయి, కాంప్లెక్సు కాస్తా ఆస్పత్రి వార్డవుతుంది, ఒక్కో మంచం మీద ఒక్కో గులాబీ మొక్క దుప్పటి కప్పుకుని పడుకుని ఉంటుంది, ప్రతి మొక్కకూ పైనుంచి సెలైన్ సీసా వేలాడుతూ ఉంటుంది. చివరి మంచం మీద అత్తగారు కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంది. నేలంతా నీళ్ళు, ఆవిడ పాదాలు అందులో మునిగి ఉన్నాయి.

"కాళ్ళు నానిపోతున్నాయే వకుళా, ఓ తువ్వాలు పట్రా."

వకుళ బీరువా తెరుస్తుంది. తువ్వాలు లేదు, గ్లాసులున్నాయి. కొబ్బరినీళ్ళు, బార్లీ నీళ్ళు, బత్తాయి రసం. ఇంకో తలుపు తీస్తే ఇంకొన్ని గ్లాసులు. ఏ తలుపు తీసినా నిండు గ్లాసులే తప్ప జానెడు పొడి గుడ్డ కనబడదు, పైగా తీసిన ప్రతి గ్లాసూ తొణికి నేల మీద నీళ్ళు ఇంకాస్త పెరుగుతాయి. వెతికి వెతికి వకుళకు ఏడుపొస్తుంది, ఆ ఏడుపులో ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటికొచ్చేస్తుంది.

"ఆవేళ మధ్యాహ్నం అందర్నీ బయటికి పొమ్మన్నారు. నన్ను కూడా. కాసేపు ఒక్కదాన్నీ పడుకుంటానన్నారు. సరేనని వెళ్ళాం. తిరిగొచ్చేసరికి మీరు లేరు. మీకు నేనంత పరాయిదాన్నా?"

అత్తగారు ఈసారి కథలేవీ ఎత్తుకోదు.

"పరాయివాళ్ళయితే మొహమాటం లేకుండా వద్దనేదాన్నే. ఒకళ్ళ గ్లాసు తాగి పెదాలు తుడుచుకునేలోపు ఇంకొకళ్ళు గ్లాసు పట్టుకుని నిలబడేవారు. వద్దంటే మీ మామయ్య మొహం ఇంత చేసుకునేవారు. ఆయన కోసం తాగాను, అబ్బాయి కోసం తాగాను, నీ కోసం తాగాను. ఆవేళ ఇంక నా వల్ల కాలేదే తల్లీ."

"ఆ మాట చెప్పొచ్చుగా!"

"చెబితే ఊరుకునేవాళ్ళా మీరు?" అని నవ్వుతుంది.

వకుళకు నవ్వు రాదు. "పోనీ, మొక్క సంగతైనా చెప్పండి. దానికేం కావాలి?"

"నన్నడుగుతావేంటే? పోసేవాళ్ళనడుగు."

"పోసేది నేనే కదండీ!" అని వకుళ అరుస్తుంది, ఆ అరుపుకు కుండీలన్నీ ఒక్కసారి హారన్ కొడతాయి, మంచం కదిలిపోతుంది, ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడదు.

కింద వీధిలో పాలవ్యాను హారన్ మోగుతోంది. తెల్లవారింది. కలలోకి వచ్చి కూడా సూటిగా ఒక్క ముక్క చెప్పలేదని విసుక్కుంటూ, వకుళ అలవాటుగా చెంబుతో నీళ్ళు పట్టుకుని బాల్కనీలోకి వెళుతుంది. గడప దాటగానే అరికాళ్ళకు తడి తగులుతుంది.

మామగారు సూర్యప్రకాశం మగ్గు పట్టుకుని మొక్క మీదికి వంగి ఉన్నాడు. కోడల్ని చూసి దొరికిపోయిన దొంగలా నిలబడిపోతాడు.

"రోజూ పోస్తున్నానమ్మా, నువ్వు లేవకముందే. ఎండిపోతుందేమోనని..." అని, మళ్ళీ, "అబ్బాయి కూడా ఆఫీసు నుంచి రాగానే పోస్తాడు. నీతో చెప్పొద్దన్నాడు."

వకుళ మట్టిలోకి వేలు గుచ్చుతుంది. అంతా బురద, కుళ్ళిన వాసన. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు, ప్రేమకొద్దీ పోసి పోసి వేళ్ళు కుళ్ళబెట్టారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి.

"మామయ్యగారూ, ఇంక కొన్నాళ్ళు దీనికి ఎవరూ నీళ్ళు పొయ్యొద్దు."

"అసలు వద్దా?"

"చుక్క కూడా వద్దండి."

ఆయన మగ్గు ఆమె చేతికిచ్చేస్తాడు. "మరి నేనేం చెయ్యనమ్మా?"

వకుళ కుండీని రెండు చేతులా పట్టుకుని ఓ పక్కకు వంచుతుంది. అడుగున ఉన్న బెజ్జంలోంచి నల్లటి నీళ్ళు బయటికొచ్చి ఆయన పాదాల మీదుగా పారుతాయి. ఆయన కాళ్ళు తియ్యడు.