దానమ్మ టీచర్ గారి కారు నాడి

ఏలూరు పవర్‌పేటలో మునీరా షెడ్డు తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. తలుపు తీశాక ఆమె టీ తాగుతుంది, సబ్బు పెట్టి చేతులు కడుక్కుంటుంది, ఆ తరవాతే బండ్ల నాడి చూస్తుంది. కుడిచెయ్యి ఇంజను మీద పెడితే చాలు, దాని నాడి ఆమె ఎడమ మణికట్టులో కొట్టుకుంటుంది, గాజులు దానికి తగ్గట్టు మోగుతాయి. తాత యునానీ హకీం, మనుషుల నాడి చూసేవాడు. మనవరాలికి బండ్ల నాడి పట్టుబడింది. ఇందులో ఎవరికీ వింతేమీ కనపడలేదు. ఊరి బాధల్లా శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ షెడ్డు మూసేస్తుందనే.

ఆ రోజు గురువారం. డ్రైవరు చిట్టిబాబు పాత అంబాసిడర్‌ని నెమ్మదిగా నడుపుకుంటూ తెచ్చాడు. వెనకసీట్లో బండి యజమాని, రిటైరయిన దానమ్మ టీచర్ గారు, ముఖం గంటు పెట్టుకుని ఉన్నారు. కొల్లేటి చుట్టుపక్కల పెళ్లికూతుళ్లంతా ఈ కారే అద్దెకు తీసుకుని చర్చికి వెళ్లారు.

"ఆయిల్ ప్రెషర్ నిలవట్లేదండీ," అన్నాడు చిట్టిబాబు. "బయల్దేరినప్పుడు ముల్లు యాభై మీదుంటది. కైకలూరు రోడ్డెక్కి కాస్త తొక్కానంటే పడిపోద్ది. తాడేపల్లిగూడెంలో చూపిస్తే బేరింగులు అరిగిపోయాయి, ఇంజను పని అయిపోయిందన్నారండీ."

"నాలుగింటికి పాతసామాన్ల బుల్లిరాజు గారు ఇక్కడికే లారీ తెచ్చి, బండిని తుక్కుకి తీసుకుపోతానన్నారు," అన్నారు దానమ్మ. "నాకు మాత్రం ఇష్టమా అమ్మా?"

చిట్టిబాబు తల దించుకున్నాడు. నిరుడు కొల్లేట్లో ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేయించినప్పుడు అతని కాపలా పని పోయింది. ఇప్పుడీ స్టీరింగు కూడా పోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

మునీరా బానెట్టు ఎత్తి చెయ్యి పెట్టింది. గాజులు తాపీగా మోగాయి.

"తొక్కండి."

ఇంజను గట్టిగా అరిచింది. గాజులు మాత్రం అంతకంతకూ నీరసించి ఆగిపోయాయి.

"ఆపెయ్యండి! పది నిమిషాలు ఊరుకోండి."

పది నిమిషాల తరవాత ఇంజను ఇంకా కాలుతూనే ఉంది. అయినా స్టార్టు చేయగానే గాజులు మళ్లీ మోగాయి.

"టీచర్ గారూ, అరిగిన ఇంజనైతే తొక్కినప్పుడు ప్రెషర్ కాస్తయినా పెరగాలండీ. ఇది పడిపోతోంది. పది నిమిషాలు ఆగితే, వేడి తగ్గకుండానే తిరిగొచ్చేసింది. అరిగిన బేరింగులు కూర్చుంటే నయమవుతాయా? దీనికి గొంతులో ఏదో అడ్డం పడుతోందండీ."

ఆయిల్ దింపి, ఇంజను కింద ఆయిల్ నిలిచే ఛాంబరు ఊడదీసింది. ఆయిల్ పీల్చే జాలీకి చుట్టూ పచ్చ వలగుడ్డ, పురికొసతో మూడు ముళ్లు. దాని నిండా తారులా నల్లటి మడ్డి. ఇంజను గట్టిగా పీల్చినప్పుడల్లా అది జాలీకి అడ్డం పడుతోంది, ఆపితే సడలుతోంది.

"ఎవరు కట్టారిది?"

"నేనేనండీ!" చిట్టిబాబు ఛాతీ పొంగింది. "పోయిన నెల ఆయిల్ కారుతుంటే ఈ ఛాంబరు ప్యాకింగు నేనే మార్చానండీ. చెరువు మోటారు గొట్టానికి వల కట్టకపోతే పిచ్చి చేపలు వచ్చేస్తాయి కదండీ. అలాగే దీనికీ..."

"ఇంజన్లోకి ఏ చేప వస్తుందయ్యా నీకు?" అన్నారు దానమ్మ. ముందుగా నవ్వింది ఆవిడే. పాపం, మంచికి పోతే చెడు ఎదురైనట్టయింది అతనికి.

మునీరా ముళ్లు కోసింది. జాలీ కడిగి, ఛాంబరు బిగించి, కొత్త ఆయిల్ పోసేసరికి మూడయింది. ముగ్గురూ కారెక్కి కైకలూరు రోడ్డు పట్టారు. మునీరా చెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టింది.

"ఇప్పుడు తొక్కండి చిట్టిబాబు గారూ, మొహమాటపడకండి!"

ముల్లు యాభై మీద నిలబడింది. గాజుల మోతకి రోడ్డు పక్క కొంగలు లేచిపోయాయి. కొల్లేటి గాలి ముఖానికి కొడుతుంటే టీచర్ గారు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, పిల్లలా కేక వేశారు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి బుల్లిరాజు గారు లారీతో సిద్ధం. ఆయన కారు చుట్టూ తిరిగారు, గాజుల చప్పుడు కాసేపు విన్నారు, కారు లాక్కెళ్లడానికి తెచ్చిన గొలుసు తీసుకెళ్లి లారీలో పడేశారు.

"పైనెలలో మా అమ్మాయి పెళ్లండీ టీచర్ గారూ. బండి మాకిస్తారా?"

"నన్నడుగుతారేంటండీ?" అన్నారు దానమ్మ. "డ్రైవర్ గారిని అడగండి."

ఆవిడ తనని గారు అనడం అదే మొదటిసారి. చిట్టిబాబు కళ్లు తుడుచుకున్నాడు, స్టీరింగు మాత్రం వదల్లేదు.

"తారీఖు చెప్పండి," అన్నాడు.