ఖాళీ అనుకున్న చోటు

టెలిస్కోపుతో తీసిన పాత చిత్రాల్లో పనికిరానివి సాయంత్రానికల్లా చెరిపెయ్యాలని నక్షత్రశాల పెద్దాయన చెప్పాడు. కొత్తవాటికి కంప్యూటర్లో చోటు చాలడం లేదు. ఆ పని చిన్నమ్మి మీద పడింది. అది అక్క పెట్టిన ముద్దుపేరు. ఆఫీసంతా అదే పిలుపు. అక్క పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

పనికిరానివాటిలో అక్కచెల్లెళ్ళు కలిసి చేసిన ఒకే ఒక్క చిత్రం ఉంది. అందులో నక్షత్రాలు ఆవాలు చల్లినట్టు నల్లగా ఉంటాయి.

కంటికి కనిపించని పరారుణ కాంతిలో చిత్రం తీస్తే ఆకాశం కూడా వెలుగుతుంది. అందుకని పక్కనే నక్షత్రాలు లేని ఖాళీ చోటొకటి ఫొటో తీసి, ఆ వెలుగును అసలు చిత్రంలోంచి తీసివేస్తారు. ఆ ఖాళీ చోటు అక్కే ఎంచింది. ఆమె జీవితమంతా కంటికి కనిపించే మామూలు కాంతితోనే గడిచింది.

“ఇక్కడ పురుగు కూడా లేదే. ఇదే తియ్యి.”

“ఇంకోసారి చూడక్కా.”

“నువ్వు పుట్టకముందు నుంచీ ఆకాశం చూస్తున్నాను. నాకు చెప్పొచ్చావా?”

నిజానికి అది ధూళి మేఘం. వెనక ఉన్నవాటిని మామూలు కాంతికి అందకుండా కప్పేసింది. పరారుణ కాంతి ఆ ధూళిని దాటి వస్తుంది. అలా వచ్చిన నక్షత్రాలన్నీ తీసివేతలో నల్లచుక్కలయ్యాయి.

“చుక్కలకి మసి పూశావు కదే,” అంది అక్క, ఏమీ ఎరగనట్టు.

“ఎంచింది నువ్వు, మసి నా నెత్తినా?”

ఆ వారమంతా ఇద్దరూ ఎదురుపడితే చాలు, నవ్వే.

“చిన్నమ్మిగారూ, ఇది కొట్టెయ్యనా?” అన్నాడు ఇప్పుడు పక్కనే కూర్చున్న ఆపరేటర్.

“ఆగు నాయనా, రైలేం తప్పిపోదు.”

తీసివేతకు వాడిన ఆ ఖాళీ చోటు చిత్రాన్ని విడిగా ఎవరూ చూడలేదు. చిన్నమ్మి కూడా చూడలేదు. ఇప్పుడు తెరిచి, ఆకాశపు వెలుగు తగ్గించింది. తెరంతా నక్షత్రాలు. పక్కన అదే చోటుకి మామూలు కాంతిలో తీసిన చిత్రం పెట్టింది. నల్లగా, నున్నగా ఉంది. అక్క చూసింది దీన్నే. అక్క కళ్ళది తప్పు కాదు.

చిన్నమ్మి చాలాసేపు రెండింటినీ చూసింది. తరవాత మసి చిత్రాన్ని తన చేత్తోనే చెరిపేసింది.

“ఈ చుక్కలున్నది ఉంచు. ధూళి వెనక ఏముందో తెలుస్తోంది.”

“దీని పేరు ‘ఖాళీ’ అనుందండీ. ఇన్ని చుక్కలుంటే ఖాళీ ఏమిటి? మార్చెయ్యనా?”

“ఉండనీ,” అంది ఆమె. “అక్క పెట్టిన పేరు.”